ఏడో నంబరు నది

ఆ ఏడాది వేసవికి గోదావరి కాలువలకు నీళ్ళు కట్టేసిన వారంలోనే నేను కొత్తపేటలో పుట్టింటికి వచ్చాను. నాకు ఆరో నెల. పురిటికి ఇంకా వ్యవధి ఉంది కానీ బీపీ ఎక్కువగా ఉందని, కొండల్లో ఉండటం ఇక కుదరదని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన తీసుకొచ్చి దింపి, రెండు రోజులుండి వెళ్ళిపోయాడు. ఉద్యోగం మాత్రం నాతోపాటే వచ్చింది. ఒక లాప్‌టాప్, అందులో హిమాలయాల్లోని ఒక నది.

నేను పనిచేసేది ఉత్తరాదిలో ఒక పరిశోధన సంస్థలో. చలికాలంలో కొండల మీద పడిన మంచు ఎండలు ముదిరాక ఎంత కరుగుతుంది, అది ఏ రోజున ఏ నదిలోకి ఎంత నీరై దిగుతుంది, ఇదీ మేము కట్టే లెక్క. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో మంచు ఎంత మేర పరుచుకుందో చూస్తాం. కొండని ఎత్తును బట్టి పట్టీలుగా విడగొడతాం. ఏ పట్టీలో ఎంత వేడి ఉందో చెబితే, కింద నదిలో పారబోయే నీటిని కంప్యూటరు ఒక గీతగా గీసి చూపిస్తుంది. నాకు అప్పగించిన నది మా కాగితాల్లో ఏడో నంబరు. దాని అసలు పేరు మా అమ్మ సలోమికి నోరు తిరిగేది కాదు. ఆవిడా ఏడో నంబరనే అనేది.

ఆ నది మీదే మా తమ్ముడు ప్రవీణ్ పనిచేస్తున్నాడు. అక్కడ కరెంటు ప్రాజెక్టు కడుతున్న కంపెనీ వాళ్ళు నీటి లెక్కల కోసం మా ఆఫీసుకి వచ్చినప్పుడు, పాలిటెక్నిక్ పూర్తిచేసి ఖాళీగా ఉన్న తమ్ముడి సంగతి వాళ్ళతో చెప్పింది నేనే. వాడు చేరిన ఆరు నెలలకి క్లాస్‌మేట్ నాగసతీష్‌ని కూడా పిలిపించుకున్నాడు. రాజోలు అవతల గోదావరి లంక గ్రామం సతీష్‌ది. నదికి అడ్డంగా మట్టికట్ట వేసి, నీటిని సొరంగంలోకి మళ్ళించి, కట్ట కింద పునాదులు తవ్వుతున్నారు. ఆ గోతిలోకి ఊరే నీటిని పంపులు తోడెయ్యాలి. పంపుల దగ్గర పొద్దుటి డ్యూటీ సతీష్‌ది, మధ్యాహ్నం డ్యూటీ మా వాడిది.

ఆదివారాలు మేము చర్చి నుంచి వచ్చేసరికి ఇద్దరూ వీడియో కాల్ చేసేవారు.

"అక్కా, మీ ఆస్తి చూపిస్తాను ఉండండి," అని సతీష్ ఫోను కొండల వైపు తిప్పేవాడు. తెల్లగా, ఎండకి కళ్ళు జిగేల్మనేలా మంచు. "ఏప్రిల్ ఆఖర్లో కూడా ఇంత మంచేంటండి? ఇక్కడి ముసలోళ్ళు కూడా ఇలాగ ఎప్పుడూ చూళ్ళేదంటన్నారు."

"అన్నం తింటన్నారా బాబూ?" అమ్మ వెనక నుంచి అడిగేది.

"ఆయ్, రొట్టెలేనండి అమ్మగారూ. మీ ఆవకాయ పుణ్యమా అని బతికేస్తన్నాం."

ముసలివాళ్ళ మాట నిజమే. మార్చి నెలాఖర్లో కురవాల్సిన దానికి రెట్టింపు మంచు కురిసింది. అది గట్టిపడేలోపే మే మొదటి వారంలో అక్కడ వడగాలులు మొదలయ్యాయి. పైన, పదమూడు వేల అడుగుల ఎత్తున మా సంస్థ పెట్టిన వాతావరణ స్టేషను ఒకటుంది. అది ఏప్రిల్లోనే పాడై పలకడం మానేసింది. పైన వేడి ఎంతో తెలియాలంటే కింది స్టేషను అంకెని బట్టి ఊహించాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లోయలో ఒక్కోసారి అయిదే తగ్గుతుంది.

రెండు రకాలుగానూ లెక్క కట్టాను. రెండు గీతలొచ్చాయి.

మా నాన్నగారు ఏసుదాసు హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేను పనిలో ఉంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆయనకి ఆ వేసవిలో అలవాటైంది. కరెంటు పోతే విసనకర్రతో ఒకసారి నాకు, ఒకసారి లాప్‌టాప్‌కి విసిరేవారు.

"మన బ్యారేజీ లెక్కలో చెప్పమ్మా. క్యూసెక్కుల్లో."

"మామూలుగా మే నెలలో నాలుగు వేలుంటుంది నాన్నగారూ. పుస్తకం ప్రకారం చూస్తే ఈ ఇరవై ఒకటో తేదీకి ఏడు వేలు అవుతుంది. ఇంకోలా చూస్తే పన్నెండు వేలు."

"వాళ్ళ సొరంగం ఎంత పట్టుద్ది?"

"తొమ్మిది."

ఆయన విసనకర్ర ఆపారు. "రెంట్లో ఏది నిజం?"

"తెలీదు నాన్నగారూ. పై స్టేషను పలికితే గాని తెలీదు."

ఆఫీసులో మా సారుకి రెండు గీతలూ పంపాను. గంటలో జవాబొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. రెండేళ్ళ కిందట మేము ఇచ్చిన అంకెని నమ్మి నాలుగు పల్లెలు ఖాళీ చేయించారు. నీళ్ళు రాలేదు. దానికి మాటలు పడింది ఆయనే. పై స్టేషను లేకుండా కట్టిన అంకె సంస్థ దాటి పోకూడదని, మన మనుషులు ఇరవయ్యో తేదీన స్టేషను బాగుచెయ్యడానికి ఎక్కుతున్నారని, అప్పుడు చూద్దామని రాశారు. మళ్ళీ రాశాను. ఇరవయ్యికి ఎక్కితే ఇరవై ఒకటికి ఏం చూస్తాం అని అడిగాను. దానికి జవాబు రాలేదు.

ప్రవీణ్‌కి ఫోన్ చేశాను. నా పేరు చెప్పకుండా, నది పెరిగేలా ఉందని తన మాటగా ఇంజినీరుతో అనమన్నాను. మర్నాడు వాడే చేశాడు.

"చెప్పేనక్కా. కాగితం ఏదన్నా ఉందా అన్నేడు. మీ ఆఫీసు కాగితం."

"లేదురా."

"కాగితం లేకుండా పని ఆపితే ఆడి ఉద్యోగం పోతాదంట. రోజూ పొద్దున్నే నది చూస్తన్నాంగా, పెరిగితే తెలీదా అంటన్నాడు."

పొద్దున్న చూస్తే తెలియదు. పగలంతా కరిగిన మంచు వాళ్ళ దగ్గరికి దిగేసరికి సాయంత్రమవుతుంది. రోజూ పొద్దున్నే నది మట్టం చూసి రాసుకునే మనిషికి అది ఫోన్లో ఎలా చెప్పాలో నాకు తోచలేదు. తోచింది ఒక్కటే.

"నువ్వు వచ్చెయ్యి," అన్నాను.

"ఏం చెప్పి రమ్మంటావు?"

"అమ్మకి ఒంట్లో బాగోలేదని చెప్పు. ఇరవై ఒకటి దాటాక వెళ్దువుగాని. నేను చెప్పేనని ఎవరితోనూ అనకు. సంస్థ దాటకూడదన్నారు."

అమ్మ గుమ్మంలో కూర్చుని మాగాయకి మామిడికాయ చెక్కు తీస్తోంది. తలెత్తి చూసింది. "నాకేవైందే?"

"ఏమీ కాలేదమ్మా."

సంగతంతా విప్పి చెప్పాను. అమ్మ అబద్ధాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకునే మనిషి కాదు. కత్తి పక్కన పెట్టింది. "సరేలే, రానీ వాణ్ణి," అని మళ్ళీ చెక్కు తియ్యడం మొదలుపెట్టింది.

పదహారో తేదీ పొద్దున్న నేను వసారాలో ఉండగా సతీష్ ఫోన్ చేశాడు. వాడు విడిగా నాకు ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

"అక్కా, అమ్మగారికెలాగుందండి?"

"ఫరవాలేదు సతీష్."

"ప్రవీణ్‌ని ఇప్పుడే బస్సెక్కించేనండి. పాపం కంగారు పడతన్నాడు. ఆడి డ్యూటీ కూడా నేనే చూసుకుంటానండి. అమ్మగారికి నిమ్మళించేదాకా ఉండమనండి, తొందరపడి వచ్చెయ్యక్కర్లేదు."

"రెండు డ్యూటీలు ఎలా చేస్తావు?"

"ఏముందండి, పంపులు తిరుగుతున్నాయో లేదో చూడ్డవేగా. కుర్చీలో కూకుని పాటలినడం."

నదిలో నీళ్ళెలా ఉన్నాయని అడిగాను. కాస్త మురిగ్గా వస్తున్నాయండి, అన్నాడు. పై నుంచి గాలి వెచ్చగా ఉందన్నాడు. మాట నా నోటి దాకా వచ్చింది. ఇంకా అయిదు రోజులుంది, ఈలోపు పై స్టేషను పలకొచ్చు, సారు మనసు మారొచ్చు, ఏడు వేల గీతే నిజం కావొచ్చు అనుకున్నాను.

"జాగ్రత్త సతీష్," అన్నాను.

"ఆయ్, అలాగేనండి."

ప్రవీణ్ పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. అమ్మ వాడికోసం కొర్రమీను పులుసు పెట్టింది. జబ్బు మనిషి వండిన కూర ఇంత బాగుంటుందా అని వాడు ఏడిపిస్తూ రెండుసార్లు అన్నం వేయించుకున్నాడు. ఆ తర్వాత చాప మీద బోర్లా పడుకుని నిద్రపోయాడు. అయిదు గంటలకి వాడి ఫోను మోగింది. నిద్రమత్తులో తీశాడు. అటువైపు ఎవరో హిందీలో గట్టిగా మాట్లాడుతున్నారు. వాడు "ఎప్పుడు?" అని ఒక్క మాట అడిగి, చెప్పుల్లేకుండా వీధిలోకి నడిచి, ఎండలో నిలబడిపోయాడు.

నేను లాప్‌టాప్ తెరిచాను. ప్రాజెక్టు దగ్గర నీటిమట్టం కొలిచే పరికరం పంపే గీత ఉంటుంది. నాలుగూ పదికి ఆ గీత నిలువుగా లేచి, అక్కడే తెగిపోయింది. పరికరం కూడా కొట్టుకుపోయిందని తర్వాత తెలిసింది. పైన మంచు మీద వాన పడింది. మేఘం సంగతి నా లెక్కలో ఎక్కడా లేదు. నేను చెప్పిన దానికి మూడు రోజులు ముందు, నా పెద్ద గీత కంటే రెండు వేలు ఎక్కువగా, పధ్నాలుగు వేల క్యూసెక్కులు వచ్చి మట్టికట్టని తోసేశాయి. గోతిలో పదకొండు మంది ఉన్నారు. తొమ్మిది మంది దొరికారు. వాళ్ళలో నలుగురు బతికారు. దొరకని ఇద్దరిలో సతీష్ ఒకడు.

మర్నాడు పొద్దున్నే ప్రవీణ్ మళ్ళీ ప్రయాణమయ్యాడు. సతీష్ తండ్రి సత్తిబాబు గారిని తీసుకువెళ్ళాలి. ఆయనకి హిందీ రాదు, రైల్లో విజయవాడ దాటి ఎరగరు. ప్రవీణ్ బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగి, నా వైపు చూడకుండానే అడిగాడు.

"నన్నొక్కణ్ణే ఎందుకు రమ్మన్నావక్కా?"

అమ్మే అంది, "నువ్వు దాని తమ్ముడివి గనకరా."

"ఆడు నన్ను బస్సెక్కించేడమ్మా," అన్నాడు వాడు. అంతే, వెళ్ళిపోయాడు.

సతీష్‌ని వెతుకుతూ నది ఒడ్డున వాళ్ళిద్దరూ నడుస్తున్నారని కబుర్లు వచ్చేవి. ప్రాజెక్టు కింద నలభై కిలోమీటర్లకి ఒక ఆనకట్ట ఉంది. అక్కడిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి. ప్రవీణ్ నాన్నగారితో మాట్లాడేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు. మా సారు ఒకరోజు ఫోన్ చేసి, నీ లెక్క దగ్గరగానే వచ్చిందమ్మా, అన్నారు. ఆయన గొంతు బాగోలేదు. నేను ఫోన్ పెట్టేశాను.

జూన్ రెండో వారంలో, కాలువలకు నీళ్ళు వదిలాక, సతీష్ తల్లి విజయదుర్గ గారు మా ఇంటికొచ్చారు. రాజోలు నుంచి బస్సు మారి, సెంటర్లో దిగి, అడుగుతూ వచ్చారు. పొట్టిగా, ఎండకి కమిలిన మొహంతో ఉన్నారు. అమ్మ ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోకుండానే అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

"ఒంట్లో ఎలాగుందండి ఇప్పుడు? మీకు బాగోలేదని మావోడు ఫోన్లో చెప్పేడు. ఆ రోజు నుంచీ అడుగుదామనుకుంటన్నాను."

అమ్మ నా వైపు చూసింది. మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళిపోయింది.

"అమ్మకి ఏమీ లేదు పిన్నిగారూ," అన్నాను. "నేనే మా తమ్ముణ్ణి అలా చెప్పి రమ్మన్నాను. నీళ్ళు రావొచ్చని నాకు అనుమానమొచ్చింది."

ఆవిడ అప్పుడు కూర్చున్నారు. అమ్మ గ్లాసు తెచ్చి ఇచ్చింది. నీళ్ళు మొత్తం తాగి, గ్లాసు జాగ్రత్తగా నేల మీద పెట్టారు.

"మావోడితో మాటాడేవామ్మా, ఆ టయానికి?"

"మాట్లాడేనండి. రెండు రోజుల ముందు."

"ఏవన్నాడు?"

"అమ్మ ఎలా ఉందని అడిగేడు. ప్రవీణ్ డ్యూటీ తను చూసుకుంటానన్నాడు."

"నువ్వేవన్నావు?"

"జాగ్రత్తన్నానండి."

ఆవిడ తల ఊపారు. తిడతారని ఎదురుచూశాను. కొట్టినా కాదనేదాన్ని కాదు. ఆవిడ చీర చెంగు సర్దుకుని, దూరం నుంచి వచ్చిన పని గుర్తొచ్చినట్టు ముందుకి వంగారు.

"ఎన్ని నీళ్ళొచ్చేయమ్మా ఆ రోజు?"

"పధ్నాలుగు వేల క్యూసెక్కులండి."

"ఎంత?"

మళ్ళీ చెప్పాను.

"పధ్నాలుగు వేలేనా?" అన్నారు. "గోదారి పది లక్షలు వచ్చినప్పుడు మావోడు మా లంకలో మంచాలు, గేదెలు పడవ మీద ఇవతలికి చేరేసేవాడమ్మా. ఈదుకుంటా వచ్చి అన్నం పట్టుకెళ్ళేవాడు. పధ్నాలుగు వేలకి కొట్టుకుపోయేడంటే నేనెలా నమ్మను?"

అక్కడ నేల నిట్టనిలువుగా ఉంటుందని, మన గోదావరిలా నీళ్ళు పరుచుకోవడానికి చోటుండదని, ఇంటంత రాళ్ళు దొర్లుకుంటూ వస్తాయని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ నా నోటి వంకే చూశారు. అర్థమైందో లేదో తెలియదు.

"ఇంత బరువున్న మనిషిని ఆ నీళ్ళు ఎంత దూరం తీసుకెళ్తాయి? నువ్వు లెక్కలు కడతావంట కదా."

"ఆ లెక్క మాకు రాదు పిన్నిగారూ."

"మరి ఎప్పుడు తగ్గుతాయి? నీళ్ళు తగ్గితేగాని రాళ్ళ సందుల్లో ఎతకడం అవదంట, మా ఆయన చెప్పేరు."

అది నాకు తెలుసు. "ఇంకా పెరుగుతాయండి. పైన చాలా మంచుంది. సెప్టెంబరు దాకా తగ్గవు."

ఆవిడ వెళుతూ నా ఫోన్ నంబరు అడిగి, చిన్న నోటు పుస్తకంలో నా చేతే రాయించుకున్నారు.

మర్నాడు పొద్దున్న సరిగ్గా ఏడింటికి ఫోన్ మోగింది.

"ఇవాళ నీళ్ళెంతమ్మా?"

"ఆరు వేల రెండొందలండి."

"సరే తల్లీ." పెట్టేశారు.

ఆ రోజు నుంచి ఒక్క రోజూ తప్పలేదు. ప్రాజెక్టు దగ్గర కొత్త పరికరం పెట్టారు. పై స్టేషను కూడా పలకడం మొదలుపెట్టింది, అన్నీ అయిపోయాక. ఆరున్నరకి లేచి ఆవిడకోసం అంకె తీసి పెట్టుకునేదాన్ని. జులైలో ఎనిమిది వేలు, ఎనిమిదిన్నర. పెరిగిన రోజూ ఆవిడ సరే తల్లీ అనే పెట్టేసేవారు. నొప్పులు మొదలైన రోజు ఆస్పత్రి మంచం మీద నుంచే చెప్పాను. పాప పుట్టిన మర్నాడు ఫోన్ నాన్నగారు ఎత్తి, ఆయనే లాప్‌టాప్ చూసి చెప్పారు. పాప పుట్టిందని కూడా చెప్పారట. తలంటు జాగ్రత్తలు నాలుగు చెప్పి, నీళ్ళెంతన్నారు మాస్టారూ, అని ఇంకోసారి అడిగారట.

ఆవిడ నన్ను క్షమించి ఫోన్ చేస్తున్నారో, మరిచిపోనివ్వకూడదని చేస్తున్నారో నాకు ఎప్పుడూ తెలియలేదు. అడగలేదు. మా ఆయన వచ్చి పాపని, నన్ను తీసుకెళ్తానన్నాడు. అక్టోబరు దాటాక వస్తానన్నాను. ప్రవీణ్ నోట అక్కా అన్న పిలుపు అప్పటికి మూడు నెలలుగా వినలేదు. కానీ విజయదుర్గ గారికి నేను చెప్పిన అంకె సాయంత్రానికి కొండల్లో వాడికి చేరుతుందని, దాన్ని బట్టే మర్నాడు ఏ వైపు దిగాలో చూసుకుంటారని నాన్నగారు చెప్పారు.

సెప్టెంబరులో తగ్గింది. నాలుగు వేలు, రెండున్నర, పదిహేనొందలు. రాళ్ళు బయటపడ్డాయి. గల్లంతైన ఇద్దరిలో రెండో మనిషి దొరికాడు. బీహారు అబ్బాయి. ఆ రోజు ఆవిడ ఫోన్లో, "ఆళ్ళమ్మకి చెప్పేరా?" అని అడిగారు. చెప్పారన్నాను.

అక్టోబరు ఆఖరి ఆదివారం. పాప ఒళ్ళో ఉంది. ఏడింటికి ఫోన్ మోగింది.

"ఎంతమ్మా?"

"ఏడొందలండి."

"నిన్నా ఏడొందలేగా."

"ఆయ్. ఇంక తగ్గదు పిన్నిగారూ. చలికాలమంతా ఇంతే ఉంటుంది."

అవతల గిన్నెల చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

"పైన మంచు మొదలైందంట. దారులు మూసేస్తారంట. మా ఆయన, మీ ప్రవీణూ రేపు బయల్దేరతన్నారు."

"అవునండి. నాన్నగారితో చెప్పేడు."

"మీవోడు ముందు మా ఇంటికే వస్తానన్నాడు. వరి కోతలు ఉన్నాయి కదా, మావోడి పని ఆడు చేస్తాడంట. వద్దంటే వినడం లేదు. నీకేవన్నా అభ్యంతరమా?"

"లేదండి."

"మీ అమ్మగారికి?"

అమ్మ ఎదురుగానే నిలబడి ఉంది. ఆవిడకి అంతా వినిపిస్తోంది. తల అడ్డంగా ఊపి, కళ్ళొత్తుకుంటూ లోపలికి వెళ్ళింది.

"ఆవిడకీ లేదండి."

"సరే." గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. "అయితే రేపు కూడా ఏడొందలేనా తల్లీ?"

"ఏడొందలేనండి."

"సరే. ఏడింటికి చేస్తాను," అన్నారు.